మొఘల్‌పురాలో నలభై నిమిషాల పాఠం

మే నెల రెండో ఆదివారం ఉదయం ఆరుంపావుకు హైదరాబాదులో రైలు దిగాను. తర్వాతి ఆదివారం సాయంత్రం మళ్ళీ అక్కడే రైలెక్కాను. ఈ ఎనిమిది రోజుల్లో చార్మినార్‌ను ఆటోలోంచి రెండుసార్లు చూశాను. దిగలేదు, ఎక్కలేదు. ఆ మెట్లెన్నో తెలుసుకోవాలనుకునేవారికి నా వల్ల ఉపయోగం లేదు.

నేను వెళ్ళింది బడికి. స్త్రీ తత్త్వవేత్తల గురించి కాలేజీల్లో పాఠం ఎలా చెప్పాలో అధ్యాపకులకు నేర్పే వేసవి బడి అది. నాకు డెబ్భై ఒక్కేళ్ళు. తెనాలిలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు తత్త్వశాస్త్రం చెప్పి, పదమూడేళ్ళ కిందట రిటైరయ్యాను. ఈ వయసులో మళ్ళీ బల్ల మీద కూర్చోవటానికి కారణం జ్యోత్స్న.

జ్యోత్స్న నా శిష్యురాలు. ఇప్పుడు అదే కాలేజీలో, నా కుర్చీలో, కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. తత్త్వశాస్త్రంలో చేరే పిల్లలు తగ్గిపోయారు. జూన్‌లో స్త్రీ తత్త్వవేత్తల మీద కొత్త పేపరు మొదలుపెడితే సబ్జెక్టు ఉంటుంది, లేకపోతే తీసేస్తాం అన్నారు ప్రిన్సిపాలు గారు. పేపరు కావాలంటే ఎవరో ఒకరు ఈ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ తేవాలి. జ్యోత్స్నకు ఎనిమిదో నెల. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. ఆమె సెలవులో ఉన్నన్నాళ్ళు క్లాసులు నేను తీసుకుని, తిరిగి వచ్చాక ఆమెకు అప్పగించేలా ఒప్పందం కుదిరింది. సర్టిఫికెట్ రాకపోతే సబ్జెక్టూ పోతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. అది మేమిద్దరం మాట్లాడుకోలేదు. పదహారేళ్ళ కిందట నేను బోర్డు మీద ఇరవై నాలుగు మంది తత్త్వవేత్తల పేర్లు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరంతో సహా రాశాను. జ్యోత్స్న మూడో వరసలో లేచి, "మేడమ్, ఇందులో ఒక్క ఆడమనిషి కూడా లేదేంటండీ?" అని అడిగింది.

"తేదీలు దొరికినవాళ్ళ పేర్లు రాశాను. కూర్చో" అన్నాను.

కూర్చుంది. మళ్ళీ ఆ సంవత్సరమంతా నన్నేమీ అడగలేదు.

బహదూర్‌పురా, పొరపాటున

నాంపల్లిలో ఆటో మాట్లాడుకుని మొఘల్‌పురా అని చెప్పాను. నూట ఎనభై రూపాయలు. తెనాలిలో ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి అరవై. సంచీలో పెన్ను, డైరీ, కళ్ళజోడు సరిచూసుకుని తలెత్తేసరికి ఆటో ఒక పెద్ద గేటు ముందు ఆగింది. గేటు మీద పులి బొమ్మ.

"అమ్మా, జూ పార్కు ఒచ్చింది. దిగుండ్రి."

"జూ ఎందుకయ్యా? నేను మొఘల్‌పురా అన్నాను."

డ్రైవరు వెనక్కి తిరిగి నన్నూ, నా నీళ్ళ సీసానూ, గొడుగునూ చూశాడు. "ఆదివారం పొద్దుగాల గిట్ల నీళ్ళు, ఛత్రి పట్టుకొని ఒచ్చెటోళ్ళందరు బహదూర్‌పురాకే పోతరు. ఆదత్‌ల ఇటు తిప్పిన. మాఫ్ చేయుండ్రి."

"ఈ వయసులో ఒక్కదాన్నీ జూకు ఎందుకు వస్తాను?"

"ఎందుకు రారు? మస్తు మంది ఒస్తరు. పులికి వయసుతోని ఏం పని?"

వెనక్కి తీసుకెళ్ళినందుకు అదనంగా ఒక్క రూపాయి తీసుకోలేదు. పైగా దారిలో ఆపి ఇరానీ చాయ్ ఇప్పించి, ఆ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. చాయ్ చిక్కగా, తియ్యగా, పాయసానికి దగ్గరగా ఉంది. నేను కాఫీ మనిషిని. అయినా అడుగు దాకా తాగాను.

పాల ఇల్లు

మాకు బస ఇళ్ళల్లో ఏర్పాటు చేశారు. నాకు వచ్చింది మల్లేశ్ గారి ఇల్లు. మూడు తరాలుగా మొఘల్‌పురాలో పాల వ్యాపారం. ముందు పాలు అమ్మే అరుగు, వెనక కొట్టంలో ఆరు గేదెలు, పైన ఒక గది. ఆ గది నాది. మల్లేశ్ గారు బండి మీద హోటళ్ళకు పాలు వేస్తారు, ఇంట్లో కనిపించేది తక్కువ. అరుగు, కొట్టం, వంట అంతా ఆయన భార్య. యాభై దాటిన మనిషి. నడిస్తే కడియాలు వినిపిస్తాయి, మాట్లాడితే వీధి వినిపిస్తుంది.

మొదటి రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు మూడు పూటలా అన్నమే. ఒక రొట్టెతో ఆపాను.

"గంతేనా టీచరమ్మా? మా బర్రె దూడ ఇంకింత ఎక్కువ తింటది."

"అలవాటు లేదు."

"అలవాటు గిట్ల తినకుంట అయితదా? తింటెనే గద అయ్యేది."

బుధవారానికి మూడు రొట్టెలు తింటున్నాను.

ఉదయం ఐదున్నరకు అరుగు ముందు గిన్నెలతో జనం చేరతారు. ఆమె ఒకరితో ఉర్దూలో, ఇంకొకరితో తెలుగులో, గేదెలతో రెండింటిలోనూ మాట్లాడుతుంది. లీటరు తొంభై రూపాయలు. నేను తెనాలిలో డెబ్భై ఆరు ఇస్తాను. కాని ఇక్కడ లీటరు కొలిచాక, గిన్నె వెనక్కి తీసుకునేలోపు ఇంకొక వంపు పోస్తుంది. కొసరు. మంగళవారం కూర్చుని లెక్కపెట్టాను. నలభై ఒక్క గిన్నెలు, నలభై ఒక్క వంపులు. చిన్న గ్లాసుతో ఒక వంపును కొలిచి చూసి చెప్పాను.

"ఇలా రోజుకు రెండు లీటర్ల పైన పోతున్నాయి మీకు."

"లెక్క లీటరు కాడికే టీచరమ్మా. దాని మీద పోసింది లెక్కల రాదు."

"ఎందుకు రాదు? అవీ పాలే కదా?"

"పాలే. కని లీటరు వాళ్ళు అడిగింది. గిది నేను పోసింది. రెండు ఒక్క కాడ ఎట్ల కలుపుతరు?"

పది నిమిషాలు వాదించుకున్నాం. నేను గెలవలేదు. డైరీలో ఇలా రాసుకున్నాను: "మల్లేశ్ గారి భార్య వాదన బలంగా ఉంది."

చింతగింజలు

బడి ఒక పాత దేవిడీలో, నవాబుల నాటి భవంతిలో. పెద్ద చెక్క తలుపులు, లోపల చదరంగా వాకిలి, ఎత్తైన గదులు. మే నెలలో కూడా గోడలు చల్లగా ఉన్నాయి. ఇరవై రెండు మందిమి, అందరం ఆడవాళ్ళమే, అందరిలోకీ పెద్ద నేనే. నడిపేది నస్రీన్ మేడమ్. అరవై దాటిన ప్రొఫెసరు, ఈ గల్లీలోనే పుట్టి పెరిగారు. తెల్లచీర, చేతిలో ఇత్తడి గంట.

సోమవారం తొమ్మిదింటికి ఆమె రెండు నియమాలు చెప్పారు.

ఒకటి, ఏ స్త్రీ తత్త్వవేత్తనైనా పరిచయం చేసేటప్పుడు ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన కూతురు, ఫలానా ఆయన శిష్యురాలు అని మొదలుపెట్టకూడదు. మొదలుపెడితే మన ముందున్న స్టీలు గిన్నెలో ఒక చింతగింజ పడుతుంది. రెండు, శనివారం వేర్వేరు గదుల్లో ఒక్కొక్కరం ఇక్కడి కాలేజీ అమ్మాయిలకు నలభై నిమిషాల పాఠం చెప్పాలి. నలభై నిమిషాలకు గంట కొడతారు. అప్పటికి ముగింపు వాక్యం బోర్డు మీద ఉండాలి. లేకపోతే పాఠం పూర్తి కానట్టే. పూర్తి కాని పాఠానికి సర్టిఫికెట్ లేదు.

రెండో నియమం విని నేను ధైర్యపడ్డాను. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క నిమిషం ఎక్కువ చెప్పినదాన్ని కాదు. నా క్లాసు చూసి అటెండరు గంట కొట్టేవాడు.

మొదటి నియమం దగ్గర మాత్రం నా పరువు పోయింది. మొదటి రోజే ఏడు గింజలు, బడి మొత్తంలో అందరికన్నా ఎక్కువ. నోరు తెరిస్తే "ఆ ఋషి భార్య", "ఆ ఆచార్యుడి కూతురు" అనే వస్తోంది. మంగళవారం నాలుగు, బుధవారం రెండు. గింజ వేసేటప్పుడు నస్రీన్ మేడమ్ ఏమీ అనరు. గిన్నెలో పడిన చప్పుడు చాలు.

నా రెండో తంటా తేదీలు. వాళ్ళిచ్చిన జాబితాలో సగం మందికి పుట్టిన సంవత్సరం లేదు. ఆ గడులు ఖాళీగా ఉంటే నాకు చెయ్యి ఆడదు. బుధవారం లేచి అడిగేశాను.

"తేదీ లేకుండా ఈమె ఉన్నదని ఎలా చెప్పేదండీ?"

"ఆమె అడిగిన ప్రశ్న ఉంది కదా విశాలాక్షి గారూ. ప్రశ్న ఉంటే అడిగినవాళ్ళు ఉండరా?" అన్నారు నస్రీన్ మేడమ్.

కూర్చోమని మాత్రం ఆమె నన్ను అనలేదు. అది గమనించాను.

ఒక పేరు

గురువారం మాకిచ్చిన పని చిన్నది. ఈ వారంలో మీతో వాదించిన ఒక స్త్రీ గురించి పది వాక్యాలు రాయండి. మొదటి నియమం వర్తిస్తుంది.

నాకు కొసరు వాదన సిద్ధంగా ఉంది. డైరీ తీశాను. ఆదివారం నుంచి గురువారం దాకా పేజీలు తిప్పితే ఆమె ప్రస్తావన పద్నాలుగుసార్లు ఉంది. పద్నాలుగుసార్లూ "మల్లేశ్ గారి భార్య". రొట్టెల లెక్క ఉంది, పాల ధర ఉంది, గేదెల సంఖ్య ఉంది. పేరు లేదు. నాలుగు రోజులుగా ఆమె చేతి తిండి తింటూ నేను పేరు అడగలేదు.

కాగితం ఖాళీగా పెట్టి, ఐదింటికి ఇంటికి వచ్చాను. ఆమె అరుగు మీద కూర్చుని కొత్త చింతపండులోంచి గింజలు తీస్తోంది.

"ఏమనుకోకండి. మీ పేరేంటి?"

చెయ్యి ఆపి నన్ను చూసింది. "నా పేరా? ఏంది టీచరమ్మా, రేషన్ కార్డు గిట్ల చేపిస్తరా?"

"కాదు. అడగాల్సింది ఆదివారమే. అడగలేదు."

"ఎవరడుగుతరు? గల్లీల మల్లేశ్ పెండ్లాం అంటరు. గిన్నె పట్టుకొని ఒచ్చెటోళ్ళు పాలమ్మ అంటరు. మా అత్త ఉన్నప్పుడు 'ఏయ్' అనేది, అదే నా పేరనుకున్న శాన దినాలు." నవ్వి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "చంద్రకళ. మా బాపు పెట్టిండు. పున్నమి దినం పుట్టిన్నట."

"ఏ తేదీ?" నోరు ఊరుకోలేదు.

"పున్నమి అంటున్న గద! ఏ పున్నమో ఎవలకెర్క?"

అప్పుడు చింతగింజల నియమం చెప్పాను, డైరీలో పద్నాలుగుసార్లు రాసిన సంగతి కూడా. ఆమె అంతా విని, ముందున్న కుప్పలోంచి గింజలు ఒక్కొక్కటీ నా అరచేతిలో వేసింది. ఒకటి, రెండు, పద్నాలుగు. ఆగి, ఇంకొకటి వేసింది.

"పద్నాలుగే" అన్నాను.

"గది కొసరు."

శుక్రవారం నా పది వాక్యాలు "చంద్రకళ పాలు అమ్ముతుంది" అని మొదలయ్యాయి. గింజ పడలేదు. విన్నవాళ్ళలో ఒకామె పొంగిపోయి, అసలైన తత్త్వవేత్త ఈమేనంది. నస్రీన్ మేడమ్ ఒప్పుకోలేదు. "ఆమె పాలు అమ్ముతుంది, బాగా వాదిస్తుంది. మెచ్చుకోవాలంటే అంత చాలు. బిరుదెందుకు?" సాయంత్రం ఇది చెబితే చంద్రకళ కూడా అదే అంది. "నన్ను గసొంటి పేర్లతోని పిలిస్తే రేపు బర్రె నా మాట ఇంటదా?"

పత్తర్‌గట్టిలో తీగ

శుక్రవారం మధ్యాహ్నం నస్రీన్ మేడమ్‌కు ప్రింటింగు షాపు నుంచి ఫోను వచ్చింది. ఇరవై ఒక్క సర్టిఫికెట్లు అయ్యాయి, ఒకటి ఆగిందట, విశాలాక్షి అనే ఆమెది. ఇద్దరం ఆటోలో పత్తర్‌గట్టి వెళ్ళాం. రాతి కమాన్ల కింద దుకాణాలు, గడియారాలు, అత్తరు, చీరలు. వెనక సందులో పెళ్ళిపత్రికలు అచ్చువేసే షాపు. యజమాని కిషన్ సేఠ్, తాతల నాటి నుంచి అదే గద్దె.

"ఏం ఆగింది కిషన్ సేఠ్?"

"ఈ అమ్మ కాగితంల మర్ద్ పేరు లేదు మేడమ్. గీత పెట్టి ఇచ్చిండ్రు. ఆ లైన్ల ఏం కొట్టాలె?"

సర్టిఫికెట్ చేతికిచ్చాడు. పసుపు రంగు మందపు అట్ట, బంగారు అంచు. పేరు కింద "వైఫ్ ఆఫ్" అని, పక్కన చుక్కల గీత. నాకు పెళ్ళి కాలేదు. మా కాలేజీ పంపిన దరఖాస్తులో భర్త పేరు గడిలో అడ్డగీత పెట్టాను.

నస్రీన్ మేడమ్ స్టూలు మీద కూలబడ్డారు. "ఈ లైను ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరు పెట్టమనుడేంది? సర్టిఫికెట్ అంటే గిదే నమూనా. మా తాత కాలం సంది గిట్లనే. ఇప్పటిదాంక ఎవలు ఒద్దనలే."

"నేను నమూనా చూశాను. ఓకే అన్నాను" అన్నారామె నాతో, నేరం ఒప్పుకుంటున్నట్టు. "పేర్లలో అచ్చుతప్పులు చూశాను. ఈ లైను నా కంటికి ఆనలేదు."

కొత్తగా వేద్దామంటే ఆ అట్ట సోమవారం దాకా రాదు. మా ముగింపు ఆదివారం. కిషన్ సేఠ్ కాసేపు గడ్డం గోక్కుని, లోపల్నుంచి ఒక అచ్చుదిమ్మ తెచ్చాడు. పెళ్ళికార్డుల మీద వేసే మల్లెతీగ.

"గిది ఆ లైన్ మీద కొడితే మొత్తం కప్పుకుంటది. సూడనీకె కూడ మంచిగుంటది."

ఒకటి వేసి చూపించాడు. నేను కళ్ళజోడు మార్చుకుని చూశాను. రెండో పువ్వు పక్కన "ఆఫ్" అనే ముక్క కనిపిస్తోంది. మళ్ళీ వేయించాను. మూడోసారికి సరిగా కప్పింది. ఇరవై రెండింటికీ వేసేదాకా అక్కడే ఉన్నాం.

శనివారం ఉదయం నస్రీన్ మేడమ్ అందరి ముందు సంగతి చెప్పి, తన గిన్నెలో ఇరవై రెండు గింజలు వేసుకున్నారు. నావి చంద్రకళ కొసరుతో కలిపి ఇరవై ఎనిమిది.

"ఇప్పటికీ మీరే ముందున్నారు విశాలాక్షి గారూ" అన్నారు.

నలభై నిమిషాలు

నా వంతు పదకొండూ ఇరవైకి. గదిలో ఇరవై ఆరు మంది అమ్మాయిలు, వెనక నస్రీన్ మేడమ్, ఆమె ఒళ్ళో గంట. నేను ఎంచుకున్న తత్త్వవేత్త పేరు ఇక్కడ రాయను. రాస్తే, ఓహో ఆమెనా, తెలిసిందే అని మీరు పేజీ తిప్పేస్తారు. క్లాసులో కూడా చివరిదాకా చెప్పకూడదని అనుకున్నాను. తేదీలు లేవు. అసలు తెలియవు.

"ఒక పెద్ద సభ" అని మొదలుపెట్టాను. "అందరూ పండితులు. ఒక స్త్రీ లేచి, ఈ లోకం దేని మీద నిలబడి ఉందని అడిగింది. జవాబు వచ్చింది. మరి అది దేని మీద నిలబడిందని అడిగింది. దానికీ జవాబు వచ్చింది. మరి అది?"

పిల్లలే మెట్టు మీద మెట్టు వేసుకుంటూ పోయారు. బల్ల దేని మీద, నేల దేని మీద, భూమి దేని మీద. ఇరవై నిమిషాలు నేను మాట్లాడిన మాటలు తక్కువ. తర్వాత చెప్పాను, చివరికి జవాబులిస్తున్న ఆయన, ఇక చాలు, ఇంకా అడిగితే నీకే మంచిది కాదు అన్నాడని. ఆమె ఆగిందని.

నా ముగింపు వాక్యం సిద్ధం: "ప్రతి విచారణకూ ఒక హద్దు ఉంటుంది." రాయటానికి నిమిషం చాలు. ముప్ఫై ఏడో నిమిషంలో సుద్ద తీశాను.

రెండో వరసలో ఒకమ్మాయి లేచింది. పేరు రుక్సానా. "మేడమ్, ఒక్క మాట. చాలు అన్నది ఎవరు? ఆ జవాబు చెప్పెటాయనేనా?"

"అవును."

"గట్లెట్ల మేడమ్? నేను కబడ్డీ ఆడుత. కూతకు పోయిన మనిషే సీటీ కొట్టి ఆట ఖతం అంటే నడుస్తదా? సీటీ వేరేటోళ్ళ చేతిల ఉండాలె గద?"

వెనక నుంచి ఎవరో "బిల్కుల్ సహీ!" అన్నారు. గదంతా కదిలింది.

గడియారం చూశాను. ముప్ఫై ఎనిమిది. "కూర్చో, మిగతాది తర్వాత" అంటే వాక్యం రాయొచ్చు, సర్టిఫికెట్ వస్తుంది, జ్యోత్స్న కుర్చీ నిలుస్తుంది. ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది, మూడో వరసలో కాక రెండో వరసలో. అంతే తేడా.

సుద్ద కింద పెట్టాను. "ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ ఈల, మీ సీటీ, ఎవరి చేతిలో ఉండాలి? మీరే చెప్పండి."

గంట మోగింది. "నలభై నిమిషాలు అయిపోయాయి. ఇక మీరు కూర్చుంటే కొసరు" అన్నాను. ఒక్కరూ లేవలేదు. ఇంకో పదకొండు నిమిషాలు వాళ్ళే వాదించుకున్నారు. బోర్డు మీద ఒక్క అక్షరం లేదు.

అందరూ వెళ్ళాక నస్రీన్ మేడమ్ దగ్గరికొచ్చారు. "నియమం పెట్టింది నేనే. పాఠం పూర్తి కాలేదు."

"కాలేదండీ."

"రేపు ఎనిమిదింటికి ఈ గది ఖాళీగా ఉంటుంది. పిల్లలు వస్తే పూర్తి చేయండి. రాకపోతే నేను చేయగలిగింది లేదు."

ఆదివారం, ఎండాకాలం సెలవులు. ఎవరు వస్తారు? ఇంటికి వెళ్ళి చెబితే చంద్రకళ తేలిగ్గా తీసేసింది. "ఫికర్ చేయకుండ్రి. ఆ పోరీల అమ్మలందరు నా కాడనే పాలు కొంటరు. పొద్దుగాల ఒక్క మాట చెప్తే ఉరికొస్తరు."

"వద్దు. మీరు చెబితే అది మీ పాల కోసం వచ్చినట్టు. వాళ్ళంతట వాళ్ళు రావాలి."

"గదేం పట్టింపు!" అంది గాని, మాట ఇచ్చింది.

ఆదివారం, ఎనిమిది

పొద్దున అరుగు మీద చంద్రకళ పెదవులు బిగించి పాలు పోసింది. నన్ను చూసి, "నా జిందగీల గింత కష్టం ఎన్నడు పడలే" అని గొణిగింది.

ఎనిమిదికి గదిలో నేను, నస్రీన్ మేడమ్, ఇరవై ఆరు ఖాళీ కుర్చీలు. ఎనిమిదీ మూడు. బయట వాకిట్లో పావురాలు. ఎనిమిదీ ఐదు. నస్రీన్ మేడమ్ గంటను ఒళ్ళోంచి తీసి కింద పెట్టారు. జ్యోత్స్నకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. ఎనిమిదీ ఏడుకు చెక్క తలుపు కిర్రుమంది. రుక్సానా, వెనక ఇద్దరు. తర్వాత ఇంకా ఇద్దరు. ఎనిమిదీ పన్నెండుకు పదకొండు మంది.

"లేటయింది మేడమ్. మా ఇంట్ల రాత్రి మొత్తం లొల్లి. సీటీ పెద్దోళ్ళ చేతిలనే ఉండాలె అంటడు మా అబ్బాజాన్. అమ్మీ కాదంటది. ఇంకా తెగలే."

నేను నిన్న చెప్పని ముక్క చెప్పాను. చాలు అన్నాక ఆమె కూర్చుంది. కాని కథ అక్కడ అయిపోలేదు. కాసేపయ్యాక అదే సభలో, అదే మనుషుల ముందు, ఇంకా రెండు ప్రశ్నలున్నాయంటూ ఆమె మళ్ళీ లేచింది. ఈసారి ఎవరూ ఆపలేదు.

రుక్సానా నోరు తెరిచింది. "ఈ ముచ్చట నిన్ననే ఎందుకు చెప్పలే మేడమ్?"

"నలభై నిమిషాల్లో పట్టదని తీసేశాను."

"గదే గద అసలు ముచ్చట! అసలుదే తీసేసిండ్రా?"

నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు నేను గంటకు సరిపోయేలా ఏమేం తీసేశానో ఎవరికి తెలుసు? సిద్ధం చేసుకున్న ముగింపును వదిలేసి బోర్డు మీద మూడు మాటలు రాశాను: "ఆమె మళ్ళీ లేచింది." కింద ఆమె పేరు రాశాను. తేదీల చోటు ఖాళీగా వదిలాను. చెయ్యి బాగానే ఆడింది.

నస్రీన్ మేడమ్ మల్లెతీగ సర్టిఫికెట్ అక్కడే ఇచ్చారు. సాయంత్రం బయల్దేరేటప్పుడు చంద్రకళ రొట్టెలు కట్టి ఇచ్చింది. అడిగింది నాలుగు, కట్టింది ఐదు. డైరీలో నాలుగనే రాసుకున్నాను.

తెనాలి

మంగళవారం పదకొండింటికి ప్రిన్సిపాలు గారు సర్టిఫికెట్‌ను రెండువైపులా తిప్పి చూశారు.

"పేరు కింద ఈ పువ్వులేంటండీ?"

"అక్కడ రాయటానికి ఎవరూ లేరండీ. అందుకని పువ్వులు వేశారు."

ఏమనుకున్నారో గాని, నవ్వి సంతకం పెట్టారు. పేపరు జూన్‌లో మొదలవుతుంది.

సాయంత్రం జ్యోత్స్న ఇంటికి వెళ్ళాను. పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉంది. సంగతి వినగానే ఏడ్చింది, తర్వాత ఆకలేస్తోందంది. ఆమె తింటుండగా అడిగాను.

"పదహారేళ్ళ కిందట క్లాసులో నన్నొకటి అడిగావు, గుర్తుందా?"

ఆమె తినటం ఆపింది. "మీకు గుర్తుందా మేడమ్?"

"ఉంది. లేచి మళ్ళీ అడుగు."

కుర్చీ చేతుల మీద బలం వేసి చూసింది, నవ్వేసింది. "ఈ పొట్టతో లేవలేను మేడమ్."

"అయితే కూర్చునే అడుగు" అని, నేను లేచి నిలబడ్డాను.